“గెస్. గెష్.” అనే కంపెనీ ఎక్కడుంది? (పాత జర్మన్ బ్యాడ్జీలు, తయారీదారుల కేటలాగులు)

స్టుట్‌గార్ట్_శిరీష · శనివారం, సాయంత్రం 6:12

అందరికీ నమస్కారం. ఇక్కడ నాణేల విభాగం చదువుతుంటాను కానీ రాయడం ఇదే మొదటిసారి. మేముండేది స్టుట్‌గార్ట్‌లో. శనివారాలు ఇక్కడ పాత సామాన్ల సంత పెడతారు. ఇవాళ ఒక పెద్దావిడ దగ్గర బిస్కెట్ల రేకు డబ్బా కొన్నాను, పన్నెండు యూరోలకి. డబ్బా ముచ్చటగా ఉంది కదా, కుట్టు సామాను పెట్టుకోవచ్చని. ఇంటికొచ్చి తెరిస్తే అడుగున బొత్తాలతో పాటు ఐదు బ్యాడ్జీలు!

ఒకటి కోడిగుడ్డు ఆకారంలో ఉంది. చుట్టూ ఆకుల దండ, కింద రిబ్బన్ ముడి, మధ్యలో ఒకదాంట్లో ఒకటి పెనవేసుకున్న అక్షరాలు. వెనక డీఆర్‌జీఎం అని, పక్కన 35269 అని నంబరు. ఇంకో దాని వెనక “గెస్. గెష్.” అని మాత్రమే ఉంది. గంటన్నర నుంచి ఈ గెస్ గెష్ కంపెనీ కోసం వెతుకుతున్నాను. కాఫీ మర, గొడుగు పిడి, సిగరెట్ డబ్బా, ఏది చూసినా దీని పేరే. ఇన్ని రకాలు చేసిన కంపెనీకి ఒక్క చిరునామా దొరకదు! మా ఆయన “జర్మనీ టాటాలేమో” అంటున్నారు.

పాత తయారీదారుల కేటలాగులు చూస్తే బ్యాడ్జీలు గుర్తుపట్టొచ్చని ఎక్కడో చదివాను. ఎలా చూడాలో కాస్త చెప్తారా?

ముద్రల_మూర్తి · శనివారం, రాత్రి 7:05

శిరీష గారూ, మీ వారిని ఏమీ అనకండి. ఆ కంపెనీ కోసం నేనూ రెండు నెలలు వెతికాను. గెస్. గెష్. అంటే “గెజెట్స్‌లిష్ గెషుట్స్ట్”. చట్టప్రకారం రక్షణ ఉంది, నకలు కొట్టకండి అని. అంతే. తయారు చేసినవాడి పేరు అందులో లేదు.

డీఆర్‌జీఎం కూడా పేరు కాదు. పేటెంట్ స్థాయికి రాని చిన్న చిన్న నమూనాలకు రక్షణ ఇవ్వడానికి జర్మనీలో 1891లో ఒక చట్టం తెచ్చారు. దాని కింద నమోదైందని ఆ అక్షరాలు చెబుతాయి. ఆ నంబరు చూసి ఒక్కటి అడుగుతాను. దాని దగ్గర్లో “వెర్న్‌స్టైన్, యేనా” అని సన్న అక్షరాలు ఉన్నాయేమో భూతద్దం పెట్టి చూడండి. ఉంటే మీ చేతిలో ఉన్నది జర్మన్ క్రీడా బ్యాడ్జీ. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కి వెళ్లిన కార్ల్ డీమ్ అక్కడ స్వీడన్ వాళ్ల బ్యాడ్జీ చూసి, మనకూ ఇలాంటిది ఉండాలని పట్టుబట్టాడు. 1913 నుంచి ఇవ్వడం మొదలుపెట్టారు. పరుగు, ఈత, గెంతు లాంటి పరీక్షలన్నీ నెగ్గితే ఇస్తారు. ఆడవాళ్లకి 1921 నుంచి.

మధ్యలో అక్షరాలు ఏమిటో చెప్పండి. సగం పని అక్కడే అయిపోతుంది.

కోఠి_కలెక్టర్ · శనివారం, రాత్రి 7:20

నా చిన్నప్పుడు అబిడ్స్‌లో టేప్ రికార్డర్ కొన్నం. వెనక “మేడ్ ఇన్ యూఎస్ఏ” అని ఉంటే నాన్న వీధి మొత్తం చూపించిండు. ఆ యూఎస్ఏ అంటే ఉల్లాస్‌నగర్ సింధీ అసోసియేషన్ అని తర్వాత ఎవరో చెప్పిండ్రు. గెస్ గెష్ కథ చదువుతుంటే అదే యాదికొచ్చింది.

స్టుట్‌గార్ట్_శిరీష · శనివారం, రాత్రి 8:48

మూర్తి గారూ, ఉంది! వెర్న్‌స్టైన్ యేనా అని ఉంది. కంటికి ఆనడం లేదు, ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూశాను. మధ్యలో అక్షరాలు డీ, ఆర్, ఎల్. వేరే గుర్తేమీ వేసి లేదు.

ముద్రల_మూర్తి · శనివారం, రాత్రి 9:15

అయితే దాని వయసు దాదాపు తేలినట్టే. ఆ అక్షరాలు బ్యాడ్జీ ఇచ్చిన సంస్థ పేరులోవి. మొదట్లో సంస్థ డీఆర్‌ఏ. నాజీలు వచ్చాక దాన్ని ఎత్తేసి 1934లో డీఆర్‌ఎల్ అన్నారు. 1937లో బ్యాడ్జీ మీద స్వస్తిక కూడా చేర్చారు. యుద్ధం అయ్యాక పశ్చిమ జర్మనీలో 1950లో కొత్త క్రీడా సంఘం పుట్టింది కాబట్టి డీఎస్‌బీ. మీ దాంట్లో డీఆర్‌ఎల్ ఉంది, స్వస్తిక లేదు. అంటే 1934కీ 1937కీ మధ్యలో వాడిన నమూనా. మూడు నాలుగేళ్ల కిటికీ! నాణెం మీద సంవత్సరం వేసినట్టే.

అన్ని బ్యాడ్జీలూ ఇంత బుద్ధిగా జవాబు చెప్పవు. కేటలాగు అవసరం పడేది అలాంటి వాటికే. ఆ సంగతి మాస్టారు చెబితే బాగుంటుంది, నా దగ్గరున్నవి నాలుగు జిరాక్సులే.

రామం_మాస్టారు · ఆదివారం, ఉదయం 6:30

మూర్తి పిలిచాడు కాబట్టి కాఫీ పక్కన పెట్టుకుని రాస్తున్నాను. పొడుగైతే ఏమీ అనుకోకండి.

శిరీషమ్మా, కేటలాగు చేతికి రాగానే అందరూ చేసే పని బొమ్మలు తిరగేయడం. మన దగ్గరున్న దానిలాంటి బొమ్మ కనబడగానే “దొరికింది!” అని ఎగరడం. నేనూ అదే చేసేవాణ్ణి. ముందు కేటలాగు వయసు తేల్చాలమ్మా, బ్యాడ్జీ వయసు ఆ తర్వాత. చాలా కేటలాగుల మీద సంవత్సరం ఉండదు. ఎందుకు వేస్తారు? వేస్తే వచ్చే ఏడాదికి పాతబడిపోతుంది. మన పెళ్లిపత్రికల ఆల్బం మీద మాత్రం ఏ ప్రెస్సువాడు సంవత్సరం వేస్తాడు?

అందుకని ధరల వరుస చూడాలి. ఉత్త “ఎం” అని ఉంటే పాత మార్కు. “ఆర్ఎం” అంటే రైష్‌మార్క్, అది 1924 నుంచి 1948 దాకా నడిచింది. “డీఎం”, అంటే డాయిష్‌మార్క్, ఉంటే 1948 జూన్ తర్వాతది, అందులో ఇంకో మాట లేదు. వియన్నా సంస్థ అయితే లెక్క వేరు. షిల్లింగుల్లో ధర ఉందంటే 1925, 1938 మధ్యదైనా కావాలి, 1945 తర్వాతదైనా కావాలి. నడిమధ్యలో ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయి అక్కడా రైష్‌మార్కే నడిచింది.

తర్వాత అట్ట మీద చిరునామా. ఊరి పేరు ముందు నాలుగంకెల పిన్‌కోడ్ ఉంటే పశ్చిమ జర్మనీలో 1961కి ముందుది కాదు. ఐదంకెలు ఉంటే 1993 తర్వాత. పాతవాటిలో చాలామటుకు ఊరూ వీధీ మాత్రమే ఉంటాయి.

అక్షరాలు ఇంకో తలనొప్పి. పాత జర్మన్ ముద్రణలో ఫ్రాక్టూర్ అని కొక్కేల లిపి. అందులో పెద్ద ఏ అక్షరం అచ్చం యూ లాగే ఉంటుంది. బ్యాడ్జీని వాళ్లు “అబ్‌ట్సైషెన్” అంటారు. నేను మొదటి ఆరు నెలలూ “ఉబ్‌ట్సైషెన్” అని చదువుకుంటూ నిఘంటువులో యూ దగ్గర వెతికాను. ఎస్ అక్షరం ఎఫ్ లాగా నిలువుగా ఉంటుంది. కె, టి కవలపిల్లలు. మన పాత పుస్తకాల్లో వలపల గిలక చూసి పిల్లలు తికమకపడినట్టే. 1941 జనవరిలో నాజీ ప్రభుత్వమే ఈ లిపి వద్దని ఆదేశించింది. అందుకని నున్నటి రోమన్ అక్షరాలు ఉంటే ఆ తర్వాతదని తీర్మానించకండి, అంతకుముందు కూడా చాలామంది రోమన్‌లోనే వేసుకున్నారు. నిండా ఫ్రాక్టూర్ ఉంటే మాత్రం పాతదనే వైపు మొగ్గు.

ఇక బొమ్మ కింది సన్న గీతలు. అసలు సరుకు అక్కడుంది. “ఫెర్‌జిల్‌బర్ట్” అంటే వెండి పూత. “ఫెర్‌గోల్డెట్” అంటే బంగారు పూత. “టోంబాక్” అంటే రాగి పాలు ఎక్కువున్న ఇత్తడి. “హోల్ గెప్రేగ్ట్” అంటే పల్చటి రేకు మీద అచ్చు గుద్దినది, వెనక గుంటగా ఉంటుంది. “మాసీఫ్” అంటే గట్టి ముద్ద. “లాంగె నాడెల్” అంటే కోటు కాలరుకి గుచ్చుకునే పొడుగు సూది. బ్యాడ్జీని తిరగేసి సూదీ మడతబందూ చూసి వీటితో పోల్చుకోవాలి. ముందు వైపు ఎవడైనా చేస్తాడు, వెనక వైపు దగ్గరే దొరికిపోతారు.

బందరు_బాబ్జీ · ఆదివారం, ఉదయం 9:02

మాస్టారూ, నమస్కారం. నేను జర్మన్ బ్యాడ్జీల మనిషిని కాదు గానీ మాది చిలకలపూడి. మూడు తరాలుగా గోల్డ్ కవరింగ్ నగల పని. కాబట్టి ఒక మాట.

మా దగ్గర లాకెట్టు బిళ్ల అచ్చు ఒకడిది. రేకు నొక్కేది ఇంకొకడు. పూత వేసేది మూడోవాడు. అట్టకి గుచ్చి తన పేరు కొట్టుకుని అమ్మేది నాలుగోవాడు. ఆ నాలుగోవాడి ఆల్బంలో బొమ్మ చూసి “ఇది ఫలానావాడి తయారీ” అంటే మేం నవ్వుకుంటాం. జర్మనీలో ఇలా ఉండేది కాదా?

ఇంకోటి. మా అచ్చులు ఉక్కువి. వేల సార్లు గుద్దాక సన్నటి పగులు వస్తుంది. పగులు అచ్చులో గీత అయితే బిళ్ల మీద ఉబ్బుగా వెంట్రుక లాగా పడుతుంది. ఆ వెంట్రుక రోజురోజుకీ పొడుగవుతుంది. రెండు బిళ్లలు పక్కపక్కన పెట్టి వెంట్రుక పొడుగు చూసి ఏది ముందు గుద్దిందో మా నాన్న చెప్పేసేవారు. మీ బ్యాడ్జీలకి ఇది పనికొస్తుందేమో.

రామం_మాస్టారు · ఆదివారం, ఉదయం 10:11

బాబ్జీ, నువ్వు జర్మన్ బ్యాడ్జీల మనిషివే, నీకే తెలియదు.

అచ్చంగా అలాగే ఉండేది. వెస్ట్‌ఫాలియాలో లూడెన్‌షైడ్ అని ఒక ఊరు. కోటు బొత్తాలు చేసే ఊరు. బొత్తం నొక్కగలిగినవాడు బ్యాడ్జీ నొక్కలేడా? అస్‌మన్, డాయ్‌మర్, స్టైన్‌హావర్ ఉంట్ ల్యూక్, ముగ్గురూ ఆ ఒక్క ఊరివాళ్లే. ల్యూక్ వాళ్లయితే ఇప్పటి జర్మనీ ప్రభుత్వం ఇచ్చే గౌరవ పతకాలు కూడా చేశారు. నగల ఊరు ఫోర్ట్స్‌హైమ్, రాళ్ల ఊరు ఇడార్ ఓబర్‌స్టైన్, గాజు పూసల ఊరు గాబ్లోంజ్. పేర్లు మార్చి చూడు, బందరూ జైపూరూ ఫిరోజాబాదూ కనబడతాయి.

పగులు వెంట్రుక మాట నూటికి నూరుపాళ్లు నిజం. కేటలాగులో బొమ్మని చిత్రకారుడు నున్నగా దిద్దుతాడు, పగుళ్లు చూపించడు. కాబట్టి అచ్చు ఏదో తెలుసుకోవడానికి వస్తువుని వస్తువుతోనే పోల్చాలి. కేటలాగు చెప్పేది ఒక్కటే: ఈ సంస్థ ఈ కాలంలో ఈ సరుకు, ఈ లోహంలో, ఈ పిన్నుతో అమ్మకానికి పెట్టింది. నీ చేతిలోది ఆ సరుకేనని అది హామీ ఇవ్వదు.

గుంటూరు_గీత · ఆదివారం, ఉదయం 10:40

ఒక చిన్న డౌటు. ఒక కేటలాగు స్కాన్‌లో “నాయ్‌జిల్‌బర్” అని చూశాను. కొత్త వెండి అని అర్థమట. అంటే వెండా, కాదా?

బందరు_బాబ్జీ · ఆదివారం, ఉదయం 10:52

గీత గారూ, మీ ఇంట్లో గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టులుగా పంచిన జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెలు ఉన్నాయా? అదేనండీ ఇది. రాగి, నికెలు, జింకు. వెండి చుక్క కూడా ఉండదు. పేరులో జర్మనీ ఎందుకుందో ఇప్పుడు తెలిసిందిగా.

గుంటూరు_గీత · ఆదివారం, ఉదయం 10:55

అయ్యో, మా అత్తగారు వాటిని బీరువా లాకర్‌లో పెట్టారు. ఇప్పుడు ఆమెకి ఎవరు చెప్పాలి?

కోఠి_కలెక్టర్ · ఆదివారం, మధ్యాహ్నం 1:30

మాస్టారు గారూ, మీ ధరల వరుస మాట చదివి తలకాయ పట్టుకుని కూర్చున్న. నా బాధ చెప్త.

నాలుగేళ్ల కింద ఒక డీలర్ దగ్గర, పేరు వద్దు, జర్మన్ గాయం బ్యాడ్జీ కొన్న. నల్లది. మొదటి ప్రపంచ యుద్ధంది, 1918దని చెప్పిండు. హెల్మెట్ బొమ్మ, దాని వెనక అడ్డంగా రెండు కత్తులు, చుట్టూ దండ. స్వస్తిక లేదు. నేను కూడా “స్వస్తిక లేదంటే హిట్లర్ కన్నా ముందుదే” అని లెక్కేసుకున్న. నమ్మకం కోసం తయారీదారుల కేటలాగు పేజీ జిరాక్స్ కూడా ఇచ్చిండు. బొమ్మ అచ్చం అదే! పద్దెనిమిది వేలు పెట్టి కొన్న.

ఇందాక ఆ జిరాక్స్ ఫైల్లోంచి తీసి ధరల వరుస చూసిన. ప్రతి లైన్ చివర “డీఎం”.

నాలుగేళ్లు ఆ కాగితం నా దగ్గరే ఉందన్నా! మోసానికి సాక్ష్యం వాడే ఇచ్చిండు, నేనే ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్న.

ముద్రల_మూర్తి · ఆదివారం, మధ్యాహ్నం 2:04

అన్నా, టెన్షన్ పడకు, ఒకసారి హెల్మెట్ ఆకారం చూసి చెప్పు. గాయం బ్యాడ్జీని 1918 మార్చిలో జర్మన్ చక్రవర్తి కైజర్ మొదలుపెట్టాడు. ఒకటి రెండు గాయాలకి నలుపు, మూడు నాలుగుకి వెండి రంగు, ఐదు అంతకుమించి అయితే బంగారు రంగు. అప్పటి హెల్మెట్ అంచులు లోతుగా కిందికి దిగి ఉంటాయి, రెండు కణతల దగ్గర చిన్న కొమ్ముల్లాంటి బుడిపెలు ఉంటాయి. రెండో యుద్ధం నాటి హెల్మెట్ గుండ్రంగా, పొట్టిగా, బుడిపెలు లేకుండా ఉంటుంది. 1939 నమూనాలో ఆ పొట్టి హెల్మెట్ మీద స్వస్తిక వేశారు.

ఇప్పుడు అసలు మెలిక. 1957 జూలైలో పశ్చిమ జర్మనీ ఒక చట్టం చేసింది. పాత సైనికులు యుద్ధ పతకాలు పెట్టుకోవచ్చు, కానీ స్వస్తిక ఉండకూడదు. అప్పుడు సంస్థలన్నీ స్వస్తిక తీసేసి పాత పతకాలనే కొత్తగా చేసి అమ్మాయి. ఇనుప శిలువ (ఐరన్ క్రాస్) పతకంలో స్వస్తిక ఉన్నచోట ఓక్ ఆకులు పెట్టారు. గాయం బ్యాడ్జీలో పొట్టి హెల్మెట్‌ని అలాగే ఉంచి, మీద గుర్తు చెరిపేశారు. కాబట్టి స్వస్తిక లేని గాయం బ్యాడ్జీల్లో రెండు కాలాలవి ఉన్నాయి, 1939కి ముందువీ 1957 తర్వాతవీ.

కోఠి_కలెక్టర్ · ఆదివారం, మధ్యాహ్నం 2:31

కొమ్ములు లేవు. పొట్టి హెల్మెట్. వెనక కూడా గుంట లేదు, గట్టి ముద్ద.

అయిపోయింది. పద్దెనిమిది వేలకి 1957 మాల్.

రామం_మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 3:15

పోనీలే నాయనా. అది నకిలీ కాదు, కాలం అబద్ధం చెప్పారు, అంతే. ఒక ముసలి సైనికుడు చట్టం మారాక దుకాణానికి వెళ్లి కొనుక్కున్న వస్తువు అయ్యుండొచ్చు. దానికీ ఒక చరిత్ర ఉంది. పద్దెనిమిది వేల చరిత్ర మాత్రం కాదు.

జాగ్రత్త కోసం ఇంకో మాట. పాత కేటలాగులు ఇప్పుడు పునర్ముద్రణలు వచ్చాయి, స్కానులు తిరుగుతున్నాయి. మనం చూసే పేజీలే దొంగ అచ్చులు చేసేవాడూ చూస్తాడు. బొమ్మతో మరీ గీత గీతా సరిపోతుంటే నాకు ముందు అనుమానమే వస్తుంది.

నిర్వాహకుడు · ఆదివారం, సాయంత్రం 4:00

చర్చ బాగుంది, ఒక్క గమనిక. ఈ విభాగం వస్తువుల చరిత్ర కోసమే. నాజీ కాలపు బ్యాడ్జీల ఫొటోలు పెట్టేటప్పుడు గుర్తింపుకి అవసరమైనంతే పెట్టండి, గొప్పలు పోయే వ్యాఖ్యలు తీసేస్తాను. జర్మనీలో ఉన్న సభ్యులు అక్కడి శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ గుర్తుంచుకోండి. ఆ గుర్తుల్ని బహిరంగంగా చూపడం నేరం. పరిశోధన, బోధన లాంటి వాటికి మినహాయింపు ఉంది.

స్టుట్‌గార్ట్_శిరీష · ఆదివారం, సాయంత్రం 4:26

అవునండీ, సంతలో కొన్నిటి మీద గుండ్రటి ధర స్టిక్కర్లు సరిగ్గా మధ్యలో అంటించి ఉన్నాయి. మొదట్లో అంత చోటుండగా అక్కడే ఎందుకు అంటించారా అనుకున్నాను. ఇంట్లో గడప మీద పసుపుతో వేసే స్వస్తిక్‌నీ దీన్నీ ఒకేలా చూడొద్దని మా పాపకి చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది.

కరీంనగర్_కిరణ్ · ఆదివారం, రాత్రి 8:10

అందరూ ఉన్నారు కదా, నాదీ చూడండి. నాకు ఒకాయన ఆజాద్ హింద్ పతకం అమ్ముతానంటున్నాడు. నేతాజీ జర్మనీలో ఉన్నప్పుడు ఇచ్చినవి. వియన్నాలో సువాల్ అనే సంస్థ చేసిందట. ఎనభై వేలు చెప్తున్నాడు. కేటలాగు చూసి అసలో నకలో తేల్చగలమా? మనవాళ్ల చరిత్ర కాబట్టి వదలబుద్ధి కావడం లేదు.

ముద్రల_మూర్తి · ఆదివారం, రాత్రి 8:44

కిరణ్, ఆగు. డబ్బు పంపకు.

రుడోల్ఫ్ సువాల్, వియన్నా అన్న మాట నిజమే. నేతాజీ 1942లో జర్మనీలో ఈ పతకాలు ఏర్పాటు చేశారు. షేర్-ఎ-హింద్, సర్దార్-ఎ-జంగ్, వీర్-ఎ-హింద్, షహీద్-ఎ-భారత్ అని. చిక్కేమిటంటే సువాల్ యుద్ధంతో ఆగిపోయిన సంస్థ కాదు. యుద్ధం అయ్యాక కూడా సేకరించేవాళ్ల కోసం పాత పతకాలు కొట్టి అమ్మిన సంస్థగా దానికి పేరుంది. అదే ఇల్లు, అదే పేరు. బొమ్మ సరిపోతుంది, డబ్బా మీద పేరు సరిపోతుంది, అయినా వస్తువు 1960ల నాటిది కావచ్చు. కేటలాగు చేతులెత్తేసేది ఇలాంటి చోటే.

అమ్మేవాడు ధరల జాబితా ఏదైనా చూపిస్తే మాస్టారు చెప్పినట్టు షిల్లింగులు, పిన్‌కోడ్ చూడు. ఆస్ట్రియాలో నాలుగంకెల కోడ్ 1966లో వచ్చింది. అంతకుముందు వియన్నా పేటల్ని రోమన్ అంకెల్లో రాసేవారు. కానీ ఆ జాబితా పాతదైనా, నీ పతకం ఆనాటిదని రుజువు కాదు. అడగాల్సింది కాగితం. ఎవరికి ఇచ్చారు, ఆయన సైనిక పుస్తకం ఉందా, ఆ పతకం పెట్టుకున్న ఫొటో ఉందా?

రామం_మాస్టారు · ఆదివారం, రాత్రి 9:20

మనవాళ్ల చరిత్ర అన్నావు కాబట్టి ఒక పక్కదారి పడతాను. ఆ రోజుల్లో బెర్లిన్‌లో నేతాజీ పక్కన ఉన్నది మన హైదరాబాదువాడే, ఆబిద్ హసన్ సఫ్రానీ. ఇంజనీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లి, నేతాజీకి కార్యదర్శిగా చేరాడు. “జై హింద్” అనే పలకరింపు ఆయన ఆలోచనే అంటారు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి యూ-180 జలాంతర్గామిలో నేతాజీతో పాటు బయల్దేరిన భారతీయుడు ఆయనొక్కడే. ఏప్రిల్‌లో మడగాస్కర్ వైపు సముద్రంలో జపాన్ జలాంతర్గామిలోకి మారారు. స్వతంత్రం వచ్చాక మన దేశానికి రాయబారిగా పనిచేశాడు.

కిరణ్, నీ ఎనభై వేలు ఆ పతకానికి కాదు, ఈ కథకి ఇస్తున్నావు. కథ ఊరికే వస్తుంది, నేను చెప్పేశాను.

కరీంనగర్_కిరణ్ · ఆదివారం, రాత్రి 9:41

కాగితం, ఫొటో అడిగితే “మీకు నమ్మకం లేకపోతే వదిలేయండి” అన్నాడు. వదిలేశా.

స్టుట్‌గార్ట్_శిరీష · బుధవారం, రాత్రి 10:05

మాస్టారూ, నాకు పెద్ద గుబులు పట్టుకుంది. క్రీడా బ్యాడ్జీ ఉన్న కేటలాగు పేజీ స్కాన్ దొరికింది. పేజీ పైన “నాటుర్లిషె గ్రోసె” అని ఉంది, అంటే అసలు సైజులోనే వేశాం అని. ఆఫీసులో ప్రింటు తీసి బ్యాడ్జీ దాని మీద పెట్టాను. నాది పెద్దది! దండ అంచు బొమ్మ దాటి బయటికి వచ్చింది. నకిలీనా?

బందరు_బాబ్జీ · బుధవారం, రాత్రి 10:17

అమ్మా, ప్రింటర్లో “ఫిట్ టు పేజ్” టిక్కు తీసేశావా? మా గాజుల సైజు చార్టు వాట్సాప్‌లో పంపితే కస్టమర్లు చేసే తప్పు ఇదే. రెండుంపావు గాజు రెండు అయిపోతుంది.

రామం_మాస్టారు · గురువారం, ఉదయం 6:05

బాబ్జీ ముందే పట్టేశాడు. ఇంకో సంగతి, అచ్చు పోసి తీసిన నకలు అసలు కన్నా కొంచెం చిన్నదవుతుంది, ఎందుకంటే కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. పెద్దదైందంటే నకలు కన్నా ముందు ప్రింటర్‌ని అనుమానించు.

స్కాన్‌లో కొలత తెలిసిన వస్తువు ఏదైనా ఉందేమో చూడు. ఈ బ్యాడ్జీలకే కోటుకి పెట్టుకునే బుల్లి నమూనాలు అమ్మేవారు, కింద “16 మి.మీ.” అని రాసి ఉండొచ్చు. ఆ బొమ్మ స్కేలు మీద 16 వచ్చేదాకా ప్రింటు పెంచు. అప్పుడు నీ బ్యాడ్జీ పెట్టి చూడు.

స్టుట్‌గార్ట్_శిరీష · గురువారం, రాత్రి 7:50

ఫిట్ టు పేజే! 16 మి.మీ. బుల్లి నమూనా నా ప్రింటులో 15 కూడా లేదు. సరిచేసి మళ్లీ తీశాను. బ్యాడ్జీ బొమ్మ మీద కూర్చుంటే కింది కాగితం కనబడలేదు. ఆకుల చివర్లతో సహా. బొమ్మ కింద రాసినట్టే వెనక నిలువు పిన్ను, కొక్కెం. మా ఆయన కూడా భూతద్దం తీసుకుని కూర్చున్నారు, టాటాల మాట ఎత్తడం లేదు.

డబ్బాలో చివరిది ఒకటి మిగిలింది. చిన్నది, రేకుది, వెనక పొడుగు సూది. ముందు నాలుగు ఎఫ్ అక్షరాలు వీపులు కలుపుకుని శిలువ లాగా ఉన్నాయి. ఇది కంపెనీ పేరేనా, నన్ను మళ్లీ వెతికిస్తారా?

ముద్రల_మూర్తి · గురువారం, రాత్రి 8:02

వెతక్కండి, కంపెనీ కాదు! ఫ్రిష్, ఫ్రోమ్, ఫ్రోలిష్, ఫ్రై. చురుగ్గా, భక్తిగా, సంతోషంగా, స్వేచ్ఛగా. జర్మన్ వ్యాయామ సంఘాల నినాదం. ఊరూరా ఉండేవి ఈ సంఘాలు. కేటలాగుల్లో యుద్ధ పతకాల పేజీలే అందరూ చూస్తారు గానీ ఈ సంఘాల పేజీలకీ లెక్కలేదు. వ్యాయామం, పాటల బృందం, సైకిలు, అగ్నిమాపకం, తుపాకీ గురి. మధ్య బొమ్మ ఎంచుకుంటే, చుట్టూ మీ ఊరి పేరు కొట్టి పంపేవారు. మీ దాని చుట్టూ అంచులో ఏమైనా అక్షరాలు ఉన్నాయా?

స్టుట్‌గార్ట్_శిరీష · గురువారం, రాత్రి 8:30

ఉన్నాయి. ఫ్రాక్టూర్‌లో. మొదటి అక్షరం ఏనో యూనో తేలడం లేదు. మాస్టారు లేచాక అడుగుతాను.